ఇవానోలో మా సగం

గోడ గడియారం ఆరూ ఐదు. ఏడు కొట్టగానే లీగు వాళ్ళ గాజు కిటికీ మూసేస్తారు. ఈలోగా నా కోటు లోపలి జేబులో ఉన్న కవరు తీసుకెళ్ళి అక్కడ ఇవ్వాలి, నేను మిలాన్ దాకా వచ్చిన పని అంతే. లేచి ఇరవై అడుగులు వేస్తే అయిపోతుంది. రోజూ తెల్లారకముందే తొమ్మిది కిలోమీటర్ల కాలువగట్టు నడిచే కాళ్ళకి ఇరవై అడుగులు ఒక లెక్కా. అయినా లేవడం లేదు. ఈ మఖమల్ కుర్చీ మరీ మెత్తగా ఉంది, నా బరువుకి దిగిపోయింది, బావ పోయినప్పుడు కొన్న నల్ల బూట్లు మడమ దగ్గర కొరుకుతున్నాయి, బూటు అంచున ఎండిన బురద కొంచెం మిగిలిపోయింది, పొద్దున ఎంత తుడిచినా పోలేదు, మా వరి మడుల బురద అంత తేలిగ్గా వదిలేది కాదు. హాలంతా పొగ. ఒకాయన రెండు చెవులకీ రెండు ఫోన్లు పెట్టుకుని ఒకదాంట్లో సరే అంటున్నాడు, రెండోదాంట్లో కుదరదంటున్నాడు. మోర్తారా పశువుల సంతలో అయితే కనీసం పశువు కళ్ళెదురుగా ఉంటుంది, పళ్ళు చూస్తారు, గిట్టలు చూస్తారు. ఇక్కడ కొనేవాళ్ళున్నారు, అమ్మేవాళ్ళున్నారు, బేరం కుదిర్చేవాళ్ళున్నారు, బంతి తన్నేవాడు ఒక్కడూ లేడు. మా ఇవానో కూడా కింద సందులో కారులో కూర్చున్నాడు. ఆటగాళ్ళు లోపలికి రాకూడదని రూలేమీ లేదు, మొహమాటం అంతే, తన వెల తనే నిలబడి వినడం ఎవరికి బాగుంటుంది.

ఇవానో మా అక్క కొడుకు, ఇరవై రెండేళ్ళవాడు. వాడిలో సగం మా వాల్మెజ్జా జట్టుది, సగం నగరం జట్టుది. రెండేళ్ళ కిందట మిల్లు బాయిలరు పగిలినప్పుడు ఎవాసియో గారు ఆ సగం అమ్మారు. ఎవాసియో గారంటే మా జట్టు ప్రెసిడెంటు, ఊళ్ళో బియ్యం మిల్లు ఆయనదే, ఆ మిల్లు కూత పెట్టకపోతే మాకు పొద్దు తెలియదు. అమ్మిన మర్నాడు బార్లో పేకాట ముసలాళ్ళు, ఏ సగం అమ్మారో తేల్చండయ్యా, ఎడమకాలా కుడికాలా అని ఒకడు, తలకాయ అమ్ముంటారు, అందుకే వీడు తలతో ఒక్క గోలూ కొట్టట్లా అని ఇంకొకడు. అక్క మాత్రం నవ్వలేదు. "నా కొడుకుని పంది తొడలా ముక్కలు కోశార్రా, నువ్వు చూస్తూ ఊరుకున్నావు," అంది. నేనేం చెయ్యగలను. నేను కాలువ లస్కరుని. నీళ్ళ సంఘం వాళ్ళు రాసిచ్చిన వంతు ప్రకారం లాకు తలుపు ఎత్తుతాను, దించుతాను, ఆదివారాలు జట్టు బస్సుకి బూట్ల పెట్టెలు మోస్తాను. "ఎవడు కొన్నా కొననీ," అంది అక్క చివరికి, "వాడి రెండు కాళ్ళూ ఒక్క చోట ఉంటే చాలు."

ఆ ఒక్క చోటు ఏదో ఇవాళ తేలాలి. సగం సగం పంచుకున్న ఆటగాడి సంగతి జూన్ నెలాఖరుకి రెండు జట్లూ మాట్లాడుకుని తేల్చుకోకపోతే కవర్లే దారి. అవతలివాళ్ళ సగానికి మేం ఇంత ఇస్తామని ఎవరికి వాళ్ళు కాగితం మీద రాసి, కవరు అంటించి, ఏడింటిలోపు ఆ కిటికీలో ఇవ్వాలి. ఏడున్నరకి అందరి ముందూ తెరిచి మైకులో చదువుతారు. ఎక్కువ రాసినవాళ్ళది ఆటగాడు, రాసినంతా అవతలివాళ్ళకి కట్టాలి. కవరే ఇవ్వకపోతే సున్నా కింద లెక్క. తప్పు నింపిన కాగితాన్ని కూడా ముందు చదివేస్తారట, ఆ తర్వాతే చెల్లదంటారట. పోయినేడు దక్షిణాది జట్టొకటి తేదీ వెయ్యడం మర్చిపోతే, అంకె అంతా చదివాక చెల్లదన్నారని, హాలు హాలంతా పగలబడి నవ్విందని మా జట్టు ఆఫీసులో పనిచేసే దెల్ఫీనా చెప్పింది. ఈ రూళ్ళన్నీ నాకు రెండుసార్లు చెప్పింది, ఎక్కాలు అప్పజెప్పించుకున్నట్టు తిరిగి చెప్పించుకుంది. నేను ఐదో క్లాసుతో ఆపేసిన మనిషినైనా ఒక సంగతి మాత్రం వెంటనే అర్థమైంది, మాకు కావలసింది ఓడిపోవడం. జట్టు నాలుగు నెలలుగా జీతాలివ్వలేదు. నగరం వాళ్ళు పెద్ద అంకె రాసి ఇవానోని పట్టుకుపోతే ఆ డబ్బుతో బతుకుతాం. మేమే ఎక్కువ రాసి గెలిస్తే ఆ డబ్బు మేం కట్టాలి, లేని డబ్బు, ఇక జట్టు ఉండదు. ఓడితే బతుకు, గెలిస్తే చావు, ఇలాంటి పోటీ నేను ఎక్కడా చూడలేదు. నామకార్థం కోటి లీరాలు రాస్తానని ఎవాసియో గారు బార్లో అందరి ముందూ అన్నారు. అది విని నాకూ బాగానే అనిపించింది, మధ్యాహ్నం దెల్ఫీనా ఆ కార్బన్ కాగితం చూపించే వరకూ.

ఆరూ ఇరవై. ఎదురు కుర్చీలో నగరం జట్టు మనిషి. వచ్చి కూర్చోగానే చెయ్యి చాపాడు, పేరు లుపారీ అన్నాడు, మెత్తటి చెయ్యి. బూట్ల మీద దుమ్ము రవ్వంతైనా లేదు. ఇందాక లైటరు కిందపడితే వంగాడు, కోటు తెరుచుకుంది, ఎడమ జేబులో ఒక తెల్ల అంచు, కుడి జేబులో ఒక తెల్ల అంచు. రెండు కవర్లు. ఒకదాంట్లో చిన్న అంకె, ఒకదాంట్లో పెద్ద అంకె ఉంటాయి, ఏది ఇవ్వాలో నా మొహం చూసి తేల్చుకుంటాడు, అందుకే ఈ కుర్చీ, అందుకే ఈ పలకరింపు.

"రైల్లో వచ్చారా పెద్దాయనా?"

"కారులో."

"మీ ప్రెసిడెంటు రాలేదేం? ఒంట్లో బాగాలేదా?"

నేను పైకప్పుకి వేలాడే గాజు దీపాల వైపు చూశాను. ముప్పై ఏళ్ళుగా ఇదే చూపు. జూలైలో నీళ్ళు తగ్గినప్పుడు రైతులు లాకు దగ్గరకొచ్చి నా పక్కన కూర్చుంటారు, సిగరెట్టు ఇస్తారు, మా ఆవిడ మోకాలు ఎలా ఉందంటారు, వాళ్ళకి కావలసింది మోకాలు కాదు, ఇవాళ తలుపు ఎన్నింటికి ఎత్తుతానో, చక్రం ఎన్ని పళ్ళు తిప్పుతానో. నేను కొంగల వైపు చూస్తూ కూర్చుంటాను. కొంగ కూడా అంతే, కప్ప దగ్గరకొచ్చే దాకా అది దేని వైపు చూస్తోందో తెలియదు.

"నీ నోట్లోంచి మాట లాగాలంటే లాకు తలుపెత్తే చక్రం కావాలయ్యా," అన్నారు ఎవాసియో గారు మధ్యాహ్నం కవరు చేతికిస్తూ. "అందుకే నిన్ను పంపుతున్నా. నేను వెళ్తే పది నిమిషాల్లో మొత్తం కక్కేస్తాను." నవ్వుతూనే అన్నారు గానీ కళ్ళ కింద సంచులు దిగి ఉన్నాయి. బ్యాంకువాళ్ళు పక్క గదిలో కూర్చుని ఉన్నారు, వాళ్ళ కోసం తెచ్చిన కాఫీ చల్లారిపోయి ఉంది. మిల్లు ఆగి మూడు రోజులైంది, ఊక పొయ్యి పొగ లేకపోవడం వల్ల ఊరి మీద ఆకాశం మరీ శుభ్రంగా ఉంది, అలాంటి శుభ్రం మాకు అలవాటు లేదు. "కిటికీలో ఇచ్చెయ్యి. మిగతాది నేను చూసుకున్నాను," అన్నారు. అప్పటికే నేను కార్బన్ చూసి ఉన్నాను. ఏం చూసుకున్నారండీ మీరు అని అడగాలనుకున్నాను. అడగలేదు. అడిగి ఉంటే అని ఇప్పుడు అనుకుంటున్నాను.

కార్బన్ సంగతి అంతకు అరగంట ముందు. దెల్ఫీనా నన్ను జెర్సీలు ఉతికే గదిలోకి లాగింది, మిషను తిరుగుతోంది, బయటికి మాట వినపడదు. "ఎప్పుడూ నా చేతే రాయిస్తాడు, ఇవాళ తలుపేసుకుని తనే రాసుకున్నాడు, తనే అంటించాడు. నకలు బీరువాలో పెట్టి తాళం వేశాడు. కార్బన్ మాత్రం బుట్టలో పారేశాడు, మగాళ్ళ తెలివి ఇంతే. చూడు." కిటికీ వెలుతురుకి పట్టుకుంటే ఆయన గుండ్రటి చేతిరాత సన్నగా మెరిసింది. అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి, అరవై కోట్ల లీరాలు. కింద ఊరి పేరు, తేదీ. దాని కింద కార్బన్ కొత్తదానిలా నల్లగా నిగనిగలాడుతోంది. "అరవై కోట్లు!" అంది దెల్ఫీనా, "అరవై లక్షలు లేవు గౌదెంజియో. సోమవారం ఫోను కట్ చేశారు, తెలుసా? నేను పక్కింటి క్షౌరశాల నుంచి లీగు ఆఫీసుకి ఫోన్ చేస్తున్నా." నువ్వే ఆయనకి చెప్పకపోయావా అన్నాను. "నేను చెబితే నువ్వు టైపు చూసుకో అంటాడు. నువ్వు తీసుకెళ్తున్నావుగా, నువ్వు చూసుకో." ఆవిడ కళ్ళు ఎర్రబడి ఉన్నాయి, సబ్బు ఆవిరికో మరి దేనికో.

నువ్వు చూసుకో. ఏం చూసుకోవాలి నేను. ఇవ్వమన్నది ఇవ్వడమే నాకు తెలిసిన పని. ఒక్కసారే నా చేత్తో నేను తేల్చాను, ఆ కరువు సంవత్సరం, అంత పెద్ద కావూర్ కాలువలోనే నీళ్ళు మోకాలి లోతుకి దిగినప్పుడు. అక్క కౌలుకి చేసే మడి పగుళ్ళు తీసింది. ఆవిడ వంతు పొద్దున ఆరింటికి. నేను ఐదున్నరకే తలుపెత్తాను. అరగంట. ఎవరూ చూడలేదు, ఎవరూ అడగలేదు. పైన బత్తీస్తా గారి మడికి ఆ అరగంట నీళ్ళు తక్కువైనందుకే పోయిందో, ఎలాగూ పోయేదో, ఇప్పటికీ తెలియదు. ఆయన వెన్ను విరిగినట్టు కంకుల్లేని గడ్డి కోసి పశువులకేశాడు, శీతాకాలం మిలాన్ పోయి ఫ్యాక్టరీలో చేరాడు, తిరిగి రాలేదు. వెళ్ళేముందు నాకు చెయ్యి కలిపి, నువ్వున్నంతకాలం నీళ్ళకి అన్యాయం జరగదు గౌదెంజియో అన్నాడు. ఆ చెయ్యి ఇప్పటికీ నా చేతిలోనే ఉన్నట్టుంటుంది. ఆనాటి నుంచి కాగితం మీద ఏం రాసుంటే అదే, నా మనసు లాకు దగ్గరికి తీసుకెళ్ళను.

"మీ ఇవానో మంచి కుర్రాడు," అంటున్నాడు లుపారీ, "ఎడమకాలు బంగారం. కాకపోతే మోకాలు ఒకసారి ఆపరేషనైందిగా. మా డాక్టర్లకి అనుమానం." నా వైపు ఓరగా చూస్తున్నాడు. అబద్ధం, ఇవానోకి ఆపరేషనే కాలేదు, పన్నెండో ఏట సైకిలు మీంచి కాలువలో పడి మోకాలు చీరుకుంటే నేనే మోసుకెళ్ళి కుట్లు వేయించాను, ఆ మచ్చ చూసి ఎవరో చెప్పుంటారు. ఖండిస్తే మేం వాడిని నిలుపుకోవాలనుకుంటున్నట్టు, ఒప్పుకుంటే వదిలించుకోవాలనుకుంటున్నట్టు. నేను నా బూటు అంచున ఉన్న బురదని గోరుతో గీకాను. లుపారీ నా గోటి వైపు చూశాడు, అందులో ఏదో ఉందన్నట్టు.

ఆరూ నలభై. చొక్కా వీపుకి అంటుకుంది. కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి, గాలి లేదు, కింద సందులోంచి స్కూటరు చప్పుడు వస్తోంది, ఆ సందులోనే ఇవానో. వాడు మీటలు తిప్పుకుంటూ రేడియో వింటూ ఉంటాడు, ఏమీ వినకుండా. వచ్చేటప్పుడు కారు వాడే నడిపాడు. రెండు పక్కలా మా మడులే, నీళ్ళ మీద నారు ఇప్పుడే పైకి లేచి పచ్చగా కమ్ముకుంటోంది. తిచీనో నది వంతెన దాటాక అన్నాడు, "మావయ్యా, ఎంత రాశారో నాకు చెప్పొద్దు." నేను చెప్పే రకం కాదని వాడికి తెలుసు. ఇంకో పది కిలోమీటర్లు. "పొమ్మంటే పోతా. పోనని కాదు. అందరి జీతాలూ వస్తాయంటే ఎందుకు పోను. కాకపోతే..." కాకపోతే ఏంట్రా అన్నాను. "సున్నా అని చదివించకండి. తార్చీసియో మీద చదివినట్టు."

తార్చీసియో మా గోల్‌కీపరు. మూడేళ్ళ కిందట అతనూ ఇలాగే సగం సగం, రెండు జట్ల కవర్లలోనూ తెల్ల కాగితాలే. ఎవరికీ అక్కర్లేదు, అవతలివాళ్ళు పెట్టుకుంటారులే అని ఇద్దరూ అనుకున్నారు. పేపర్లో వాడి పేరు పక్కన రెండు సున్నాలు వేశారు. వాడే ఆ ముక్క కత్తిరించి తెచ్చి బట్టల గదిలో గోడకి అంటించాడు, "రెండు సున్నాలున్నవాణ్ణి నేనొక్కణ్ణే, కళ్ళజోడు చేయించుకుంటా," అన్నాడు, అందరూ నవ్వారు. తర్వాత బూట్ల పెట్టె కోసం వెళ్తే స్నానాల గదిలో, నీళ్ళు తిప్పకుండా, బూట్లతో సహా నేల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు, ఏదో వెతుకుతున్నట్టు నటించాడు. నేనూ అతనితోపాటు వెతికాను.

ఆ తార్చీసియోకి ఇద్దరు ఆడపిల్లలు. నాలుగు నెలలుగా అతని భార్య నారుమడి గ్రీన్‌హౌసుల్లో కలుపు తీస్తోంది. అయినా ఈ నెల మొదట్లో ఇరవై మంది ఆటగాళ్ళూ ఇస్త్రీ బల్ల చుట్టూ నిలబడి, జీతాలు పూర్తిగా ముట్టాయని కాగితాల మీద సంతకాలు పెట్టారు, ఆ కాగితాలు లేకపోతే లీగు వచ్చే ఏడాదికి జట్టుని చేర్చుకోదు. ముట్టనిదాన్ని ముట్టిందని రాసివ్వడం, ఇవానో కవరు డబ్బొస్తే తీరుస్తారన్న ఒక్క మాట మీద. రాకపోతే వాళ్ళు ఏ ఆఫీసుకి పోయి అడుగుతారు, సంతకం పెట్టేశాక. ముందు ఇవానో పెట్టాడు, అందుకే మిగతావాళ్ళు పెట్టారు. "జీతం ముట్టిందని మా ఆవిడకి మాత్రం చెప్పకండి, వాషింగ్ మిషను అడుగుతుంది," అన్నాడు తార్చీసియో. ఎవాసియో గారు మాత్రం నవ్వలేదు. ఒక్కొక్క కాగితం కింద తన సంతకమూ పెడుతూ పోయారు, మొదటి అక్షరాన్ని కొంగ మెడలా వంచి, చివర గీతని అంచు దాకా లాగి, ఇరవై సార్లు. ఒక్కదాని మీద పెడితే చాలండీ అంది దెల్ఫీనా. "నా సంతకం లేని కాగితం నాది కాదమ్మా," అన్నారాయన. "వీళ్ళు నా మాట మీద పెడుతున్నారు, నేనూ పెట్టాలి." అలాంటి మనిషి, ఇరవై మంది నోటి కూడు తెలిసిన మనిషి, అరవై కోట్లు ఎలా రాశాడు. పౌరుషం. బార్లో అందరూ భుజాలు తట్టి, మన పిల్లాణ్ణి కారుచౌకగా వదులుతారా అని ఉంటారు. తన చేత్తో తన పిల్లాడి పేరు పక్కన కోటి అని రాయబోతే చెయ్యి ఆడి ఉండదు. నాకు అర్థమవుతుంది, ఆయన మీద కోపం రావడం లేదు, రావాలి, రావడం లేదు.

ఆరూ యాభై. లుపారీ మాట్లాడ్డం మానేశాడు. ఇద్దరం ఒకరి కవరు కోసం ఒకరం కూర్చున్నాం, ఇది అతనికీ తెలుసు. నేను ఇప్పుడు లేచి ఇచ్చేస్తే అతను ఏదైనా ఇవ్వొచ్చు, పెద్దదిస్తే మంచిదే, చిన్నదిస్తే మా అరవై గెలుస్తుంది, వాల్మెజ్జా అక్కడితో సరి. ఇవ్వకుండా లేచిపోతే మా దగ్గర ఏమీ లేదని తెలిసిపోయి చిన్నదే ఇస్తాడు, జీతాలకి సగం కూడా రాదు. కాబట్టి కూర్చోవాలి. కాగితం నా జేబులో ఉందని, దాంట్లో పెద్ద అంకె ఉందని, దాన్ని ఇవ్వడానికి నాకేమీ బెంగ లేదని అతనికి తోచేలా కూర్చోవాలి. నేను కవరు బయటికి తీసి మోకాలి మీద పెట్టుకున్నాను. మూలలు సరిచేశాను. ఊరి నుంచి తెచ్చుకున్న సలామీ రొట్టె రెండో జేబులో ఉంటే అదీ తీసి తినడం మొదలుపెట్టాను. ఆకలి లేదు. నోరు ఎండిపోయి ముద్ద దిగడం లేదు, అయినా నమిలాను, గట్టు మీద కూర్చుని నమిలినట్టు, నీళ్ళు నిండుగా ఉన్న ఏడాది నమిలినట్టు. లుపారీ నా దవడ కదలడం చూస్తున్నాడు. అతని నుదుటి మీద చెమట పట్టింది. సిగరెట్టు తీశాడు, వెలిగించలేదు.

ఏడుకి నాలుగు నిమిషాలు ఉందనగా అతను లేచాడు. కిటికీ వైపు నడుస్తూ కోటులో చెయ్యి పెట్టాడు. ఏ జేబులో పెట్టాడో, వీపు అడ్డం. తడి నేల మీద కప్ప అడుగు కూడా చూసే కళ్ళు నావి, ఆ వీపు వెనక ఏం జరిగిందో చూడలేకపోయాయి. గుమాస్తా ముద్ర వేసిన చప్పుడు మాత్రం వినిపించింది. వెనక్కి తిరిగి వస్తున్నప్పుడు అతని మొహం ఖాళీ అయిన బస్తాలా ఉంది, అది గెలిచినవాడిదో ఓడినవాడిదో చెప్పలేను.

ఇక నా వంతు. లేచాను. ఇరవై అడుగులు. మొదటి ఐదు అడుగులు ఇవ్వడానికే నడిచాను, ఇచ్చి రమ్మన్నారు ఇస్తాను, నా పని తలుపెత్తడం, ఎవరి మడి నిండుతుందో నాకెందుకు. ఏడో అడుగులో బత్తీస్తా గారి చెయ్యి. పదో అడుగులో సున్నా అని చదివించకండి మావయ్యా. పన్నెండో అడుగులో తార్చీసియో, పొడి నేల మీద బూట్లతో. లుపారీ పెట్టింది చిన్నదైతే, ఈ కవరు ఇరవై ఇళ్ళ పొయ్యిలు ఆర్పేస్తుంది. పెద్దదైతే, ఇవ్వడం వల్ల పోయేదేం లేదు, మన ఊరు మనవాడికి అరవై రాసిందని మైకులో వినిపిస్తుంది. పెద్దదా చిన్నదా. గాజు వెనక గుమాస్తా కళ్ళద్దాలు పైకి తోసుకుని చూశాడు.

"వాల్మెజ్జానా?"

తల ఊపాను.

"ఇవ్వండి మరి, రెండు నిమిషాలుంది."

కవరు చేతిలోనే ఉంది, గాజు కింద సందుకీ దానికీ జానెడు దూరం. చెమటకి కవరు మీద నా బొటనవేలు ముద్ర పడింది. నీళ్ళ సంఘం రాసిన కాగితం తప్పయినా దాని ప్రకారమే నడుచుకున్న ముప్పై ఏళ్ళు నా వెనక నిలబడి ఇవ్వు ఇవ్వు అంటున్నాయి. "ఏవండీ? ఇస్తున్నారా?" అన్నాడు గుమాస్తా. గడియారం ముల్లు చప్పుడు చేసింది.

"లేదు," అన్నాను.

గాజు తలుపు దిగింది. లాకు తలుపు దిగినంత చప్పుడేమీ కాలేదు.

మెట్ల దగ్గర లుపారీ నన్ను అందుకున్నాడు. నేను కిటికీ దగ్గర నిలబడ్డం దూరం నుంచి చూశాడు, ఇచ్చాననుకున్నాడు. "పెద్దాయనా, అరగంటలో ఎలాగూ వింటాం, ఇప్పుడే చెప్పెయ్యండి. మీరెంత? నేను డెబ్బై పెట్టా." ఎడమ జేబులోంచి రెండో కవరు తీసి చూపించాడు. "ఇందులో తొమ్మిది. ఆఖరి నిమిషం దాకా తొమ్మిదే ఇద్దామనుకున్నా. మీరు ఆ రొట్టె తినడం చూసి మార్చా. డబ్బు లేని ఊరివాడు అలా తినడు." కవరు నాలుగు ముక్కలు చేసి ఇసక పోసిన సిగరెట్ల కుండీలో పడేశాడు. నా భుజం తట్టి, "చెప్పరు కదా, మీరు చెప్పరు," అని వెళ్ళిపోయాడు.

డెబ్బై. మెట్లు దిగుతూ లెక్కేశాను. ఇరవై మందికీ నాలుగు నెలల జీతం, ఇంకా మిగులుతుంది, జట్టు ఉంటుంది, దెల్ఫీనా ఫోను తిరిగి మోగుతుంది. ఆ వెంటనే రెండో ఆలోచన. డెబ్బై మీద అరవై ఎలాగూ ఓడేది. ఇచ్చి ఉంటే ఏమీ అయ్యేది కాదు. ఇచ్చి ఉంటే మైకులో అరవై అని వినపడేది. ఇప్పుడు సున్నా. వాడు వద్దన్న ఒక్కటీ నేనే చేశాను.

సందులో కారు ఎండలోనే ఉంది. ఇవానో సీటు వెనక్కి వాల్చి పడుకున్నాడు, నన్ను చూసి లేచి కూర్చున్నాడు. పక్క తలుపు తీసి కూర్చున్నాను.

"నువ్వు వాళ్ళకి పోయావురా. డెబ్బై."

"డెబ్బయ్యా!" నోరు తెరిచాడు. స్టీరింగు మీద రెండు చేతులూ వేసి నుదురు ఆనించాడు. "తార్చీసియోకి వాషింగ్ మిషను," అన్నాడు, నవ్వాడు. తర్వాత తల ఎత్తకుండానే, "మనవాళ్ళెంత రాశారు మావయ్యా? ఇప్పుడు చెప్పొచ్చు."

నేను కవరు తీసి వాడి ఒళ్ళో పెట్టాను. వాడు అతుకు చూశాడు, ముద్ర పడాల్సిన చోటు చూశాడు, నా మొహం చూశాడు. నేను చెప్పాల్సింది చాలా ఉంది, కార్బన్, రెండు జేబులు, బత్తీస్తా గారు. కారు తాళంతో కవరు కోశాడు. చదివాడు. మళ్ళీ చదివాడు, పెదాలు కదిలిస్తూ, బళ్ళో చదివినట్టు.

"అరవై కోట్లా... ముసలాయనకి పిచ్చేమైనా..." ఆగిపోయాడు. కాగితాన్ని నా వైపు తిప్పాడు. "మావయ్యా, సంతకం లేదు."

ఊరి పేరు, తేదీ, దాని కింద గీత. గీత మీద ఏమీ లేదు, కడిగిన పళ్ళెంలా.

"మర్చిపోయాడంటావా?" అన్నాడు ఇవానో.

గోనెసంచీల చీటీల మీద కూడా సంతకం పెట్టే మనిషి. నా సంతకం లేని కాగితం నాది కాదమ్మా. తప్పు నింపినదాన్ని కూడా ముందు చదువుతారు, తర్వాతే చెల్లదంటారు. మిగతాది నేను చూసుకున్నాను. అరవై అని మైకులో వినిపించాలి, మనవాడు వినాలి, ఊరు వినాలి, ఆ తర్వాత చెల్లకుండా పోవాలి, పైసా కట్టక్కర్లేకుండా. నవ్వితే హాలు నవ్వుకోనీ, మతిమరుపు ముసలాడని తననే కదా నవ్వుకునేది. ఇంత చూసుకున్నాడు ఆయన. కార్బన్ మీద తేదీ కింద నల్లగా నిగనిగలాడిన ఆ ఖాళీని నేను మధ్యాహ్నమే చూశాను. నీటి మట్టం వేలెడు తగ్గినా పసిగట్టే మనిషిని, చూసి కూడా చూడలేదు. ఆయన్ని నమ్మి ఆ సందులో కవరు పడేసి ఉంటే చాలు. నా జీవితంలో రెండోసారి నా చేత్తో నేను తేల్చాను, రెండోసారీ ఎవరికీ తెలియని నష్టం.

"మర్చిపోలేదు," అన్నాను. మిగతాది వాడు నా మొహంలో చదవగలడు, చిన్నప్పటి నుంచీ చదువుతున్నాడు. కాసేపటికి వాడి భుజాలు కదలడం మొదలైంది, నవ్వుకో ఏడుపుకో, "ఓరి ముసలాడా, ఓరి ముసలాడా," అంటున్నాడు, చేత్తో మొహం తుడుచుకుంటున్నాడు.

పైన మొదటి అంతస్తు కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. ఏడున్నరకి మైకు గురగురలాడింది. పేర్లు ఒకటొకటే వస్తున్నాయి, అంకెలు, చప్పట్లు, ఎక్కడో నవ్వులు. బయల్దేరదాం అన్నాను. వాడు తాళం తిప్పలేదు. వాడి పేరు వచ్చింది, ఇంటి పేరు ముందు, వాడి పేరు తర్వాత. నగరం జట్టు, డెబ్బై కోట్లు. హాల్లో ఎవరో ఈల వేశారు. వాల్మెజ్జా, అంది ఆ గొంతు, కాగితాలు తిరగేసిన చప్పుడు, ఏమీ ఇవ్వలేదు. ఆ వెంటనే ఇంకెవరిదో పేరు.

ఇవానో కాగితాన్ని స్టీరింగు మీద ఆనించి చదును చేశాడు. గొంతు సవరించుకున్నాడు. ఆ మైకు గొంతులాగే, నిదానంగా, ప్రతి అక్షరం విడివిడిగా,

"వాల్మెజ్జా. అరవై కోట్లు," అని చదివాడు. కొంచెం ఆగి, "చెల్లదు," అన్నాడు.

ఎదురుగా ట్రాము తీగల మీద సాయంకాలపు ఎండ ఇంకా వెచ్చగా ఉంది.

"ఇంకోసారి చదువు," అన్నాను.